ఆకు మాది, జ్వరం మాది, పేపర్లో మాత్రం మేం లేం



ఇవాళ కొంచెం సైన్స్ మాట్లాడతా. భయపడొద్దు, ఫార్ములాలు లేవు. నేను బి.ఎస్సీ. బాటనీ చదివినోణ్ని. చదివింది మనోళ్లకి అర్థమయ్యేలా చెప్పలేకపోతే ఆ డిగ్రీ దండగ.

డిగ్రీ రెండో ఏడాదిలో దసరా సెలవులకి ఇంటికొచ్చా. అదే వారం ఇద్దరు పరిశోధకులు మా ఊరికి వచ్చారు. మంచి మనుషులే, అబద్ధం ఎందుకు చెప్పాలి. చెప్పులు బయట విడిచి లోపలికొచ్చారు, మా నాయనమ్మ పోసిన అంబలి తాగారు. "దోమలు రాకుండా మీవాళ్లు ఏ ఆకు పొగ వేస్తారమ్మా? జ్వరమొస్తే ఏది ఇస్తారు?" అని అడిగారు. నాయనమ్మ కర్ర పట్టుకుని వాళ్లని గుట్ట మీదికి తీసుకెళ్లి ఒక మొక్క చూపించింది. ఏ నెలలో కోయాలో, లేత ఆకు ఎందుకు పనికిరాదో, నీడలో ఎన్ని రోజులు ఆరబెట్టాలో అన్నీ చెప్పింది. రెండు సంచులు నిండాయి. బస్సు దాకా వాటిని మోసింది నేనే. నెట్‌లో వెతికితే మా ఊరు దొరకదు, మా ఊరి మొక్కకి మాత్రం ఇంత విలువ ఉందని ఆ రోజు గర్వంగా కూడా అనిపించింది.

రెండేళ్ల తర్వాత ఆ పేపర్ నా కంటపడింది. ఆ ఆకు రసంతో వెండి నానో కణాలు చేసి డెంగీ దోమ లార్వాల మీద పరీక్షించారు. మొదటి పేరాలో గిరిజన ప్రాంతాల్లో డెంగీ పెద్ద సమస్య అని ఉంది. రెండో భాగంలో ఆకులు అటవీ ప్రాంతం నుంచి సేకరించాం అని ఉంది. చివర కృతజ్ఞతలు: విభాగాధిపతికి, మైక్రోస్కోప్ ఇచ్చిన ల్యాబ్‌కి, డబ్బులిచ్చిన సంస్థకి. నాయనమ్మ లేదు. ఊరు లేదు. కోయ అనే మాట కూడా లేదు. మన జ్వరం వాళ్లకి ముందుమాట అయింది, మన ఆకు ముడిసరుకు అయింది, మనుషులం మాత్రం ఎక్కడా లేం.

ఆ మొక్క పేరు ఇక్కడ రాయట్లేదు. కావాలనే.

ముందు ఈ నానో ఏంటో చెప్తా. మీటరుని వంద కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క నానోమీటర్. మన తల వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు. డెంగీ వైరస్ సుమారు 50. అంటే 100 నానోమీటర్ల లోపు కణం తయారు చేస్తే అది వైరస్ సైజుకి దగ్గరగా ఉన్న వస్తువు. పెద్ద వెండి ముక్క చేయలేని పనులు ఈ కణం చేస్తుంది, జీవకణాల లోపలికి దూరుతుంది.

దీన్ని చేసే పద్ధతి చూస్తే మీకు నవ్వొస్తుంది. ఆకు కడిగి, ముక్కలు చేసి, నీళ్లలో మరిగించి, వడకడతారు. మన ఇంట్లో కషాయం కాచినట్టే. ఆ రసాన్ని సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో పోస్తారు. కాసేపటికి లేత పసుపు రంగు ముదురు గోధుమ రంగుకి తిరుగుతుంది. వెండి కణాలు తయారయ్యాయని అదే గుర్తు. ఆకులోని ఫినాల్స్, ఫ్లేవనాయిడ్లు, టెర్పినాయిడ్లు వెండి అయాన్లని లోహంగా మారుస్తాయి, కణాలు ఒకదానికొకటి అతుక్కోకుండా పైన పొరలా పడతాయి. రసాయనాల ఫ్యాక్టరీలో విషపు పదార్థాలతో చేసే పనిని ఆకు చేస్తుంది కాబట్టి దీనికి గ్రీన్ సింథసిస్ అని పేరు పెట్టారు. గ్రీన్ అన్న మాట మీద మళ్లీ వస్తా.

ఇది ఉత్త మాట కాదు. 2015లో కోయంబత్తూరు భారతియార్ యూనివర్సిటీ పరిశోధకులు మునగ గింజలతో చేసిన వెండి నానో కణాలు డెంగీ దోమ లార్వాలని చంపుతున్నాయని, ల్యాబ్‌లో పెంచిన కణాల్లో డెంగీ రెండో రకం వైరస్‌ని తగ్గిస్తున్నాయని ప్రచురించారు. నేలవేములో ఉండే ఆండ్రోగ్రాఫోలైడ్ డెంగీ, చికున్‌గున్యా వైరస్‌ల మీద ల్యాబ్‌లో పనిచేసింది. కానీ అది నీళ్లలో సరిగా కరగదు, అందుకే నానో కణాల్లో చుట్టి శరీరంలోకి పంపాలని చూస్తున్నారు. పసుపులోని కర్కుమిన్‌తో కూడా ఇదే తంతు. ఇట్లాంటి పేపర్లు మన దేశం నుంచే కుప్పలుగా వస్తున్నాయి.

అవసరం లేదా అంటే ఉంది. డెంగీకి ఈ రోజుకీ ప్రత్యేకమైన వైరస్ మందు లేదు. పారాసిటమాల్, నీళ్లు, సెలైన్, కనిపెట్టుకుని ఉండటం, అంతే. నీళ్ల తొట్లలో వేసే టెమిఫాస్ మందుకి చాలా చోట్ల దోమలు అలవాటు పడిపోతున్నాయి. కొత్తది కావాలి. ఆ కొత్తది ఆకులోంచి వస్తే నాకేం బాధ లేదు. కాబట్టి నేను నానోకి వ్యతిరేకం అని ఎవరూ కామెంట్ పెట్టొద్దు.

నా గొడవ రెండు రకాల మనవాళ్లతో, ఒక రకం బయటివాళ్లతో.

మొదటి రకం మనవాళ్లు: "మన పెద్దోళ్లకి ఇదంతా ముందే తెలుసు, ఆకు పసరు తాగితే చాలు, ఆస్పత్రి ఎందుకు" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లు. వాళ్లకి మల్కనగిరి గుర్తు చేస్తా. మన పక్కనే ఉన్న ఒడిశా జిల్లా. అక్కడ మన కోయ పిల్లలు ఉన్నారు. 2016లో సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా వంద మందికి పైగా పిల్లలు జ్వరం, ఫిట్స్, స్పృహ పోవడంతో చనిపోయారు. మొదట జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అన్నారు, అది వరిమళ్ల దోమ మోసుకొచ్చే వైరస్. కొంతమందిలో అది నిజమే. తర్వాత వచ్చిన నిపుణుల బృందం చాలామంది విషయంలో కసివింద మొక్క కారణం అంది. అక్కడ బన చకుండా అంటారు. ఆ మొక్కలోని ఆంత్రాక్వినోన్లు ఆకలితో బక్కచిక్కిన పిల్లల ఒంట్లో విషంగా మారాయని చెప్పారు. చూడండి, ఒకే జిల్లాలో ఒక పిల్లని వైరస్ చంపింది, ఇంకో పిల్లని మొక్కలోని పదార్థం చంపింది. ప్రకృతి నుంచి వచ్చింది కాబట్టి మంచిదే అనే మాట ఆ తల్లుల ముందు ఎవరైనా అనగలరా? ఆ జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌కి టీకా మన దేశంలో 2006 నుంచి వేస్తున్నారు. పిల్లలు చచ్చాక గానీ మల్కనగిరికి అది చేరలేదు. నాయనమ్మకి ఈ సంగతి నాకంటే బాగా తెలుసు. ఏ ఆకైనా "ఇంత కంటే ఎక్కువ పోస్తే మనిషి పోతాడు" అని చెప్పకుండా ఆమె ఇవ్వదు.

రెండో రకం మనవాళ్లు: "ఇదంతా కంపెనీల కుట్ర, ల్యాబ్ అంటేనే మోసం" అనేవాళ్లు. వీళ్లతో ఎక్కువ మాట్లాడను. ఆ పేపర్ బయటికొచ్చిన ఏడాదే మా చిన్నాన్న కొడుక్కి డెంగీ వచ్చింది. దగ్గర్లోని ఆస్పత్రిలో మలేరియా కిట్టు ఉంది, నెగెటివ్ వచ్చింది, మాత్రలిచ్చి పంపారు. నాలుగో రోజు వాంతులు, కడుపునొప్పి, పళ్ల చిగుళ్ల నుంచి రక్తం. వాగు దాకా మంచం మీద మోశాం, అక్కడి నుంచి ఆటో, తర్వాత పట్నం. బతికాడు. రెండు కోడెలు అమ్మేశారు. ఆ రాత్రి నాకు కావాల్సింది ఎవరి కుట్ర అనే లెక్క కాదు, ఒక టెస్ట్, ఒక సెలైన్, చూడగలిగే ఒక డాక్టరు.

ఇప్పుడు బయటివాళ్ల సంగతి. ఇక్కడ నెమ్మదిగా చదవండి.

గ్రీన్ అనే మాట చూద్దాం. ఆకు గ్రీనే. కానీ తయారైంది వెండి కణం. వెండి అయాన్లు చేపలకి, నీళ్లలోని చిన్న పురుగులకి విషం, ఇది సైన్స్‌లో ఎప్పటి నుంచో తెలిసిన మాట. ఆకు పొగ వేస్తే తెల్లారేసరికి ఆరిపోతుంది. నీళ్లలో కలిసిన వెండి ఎక్కడికి పోతుంది? బురదలోకి, చేపలోకి. ల్యాబ్‌లో ఏం చేస్తారంటే, ఒక గ్లాసులో శుభ్రమైన నీళ్లు పోసి, పాతికో ఎన్నో లార్వాలు వేసి, 24 గంటల తర్వాత ఎన్ని చచ్చాయో లెక్కపెడతారు. మన ఊళ్లో నీళ్లు అట్లా ఉండవు. మట్టి, ఉప్పు, కుళ్లిన ఆకు, సబ్బు అన్నీ ఉంటాయి. గ్లాసులో పనిచేసింది డ్రమ్ములో పనిచేయకపోవచ్చు.

ఇంకో మాట. డెంగీ దోమ మురుగ్గుంటలో కాదు, నిల్వ ఉన్న మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. మనింట్లో మంచినీళ్లు ఎందుకు నిల్వ ఉంటాయి? కుళాయి రాదు కాబట్టి. మూడు రోజులకోసారి ట్యాంకరో, చెలమ నుంచి బిందెలో, డ్రమ్ములో పట్టి పెట్టుకుంటాం. అంటే లార్వాల మందు వేయాల్సి వచ్చేది మనం తాగే డ్రమ్ములోనే. పట్నంలో ఎవడి తాగే నీళ్లలోనూ ముందు పరీక్ష చేయరు. మరి ఎక్కడ చేస్తారు?

ఎక్కడ చేస్తారో మన జిల్లాకి తెలుసు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉన్న మన పిల్లలు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. తర్వాత పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో ఇచ్చిన నివేదికలో ఒక లెక్క ఉంది: చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. వార్డెన్ సంతకం! ఆ పిల్లకి అమ్మానాన్న లేరా? ఆ టీకా చెడ్డదని నేను అనట్లేదు, ఇవాళ చాలా దేశాల్లో ఆడపిల్లలకి వేస్తున్నారు, ప్రాణాలు కాపాడుతుంది. ఆ ప్రాజెక్టు సమయంలో జరిగిన మరణాలకి టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది. నా ప్రశ్న వేరే. మంచి మందే అయితే మా అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి, మా భాషలో చెప్పి, అడగడానికి ఏం అడ్డొచ్చింది? మంచి పనికి కూడా మనల్ని అడగక్కర్లేదు అనుకునేవాళ్లు, రేపు మన డ్రమ్ములో నానో మందు వేసేటప్పుడు అడుగుతారా?

"బాబూ, ఇది ఉత్త పరిశోధన, దీంతో మాకు రూపాయి రాదు" అని ఒక సార్ నాతో అన్నారు. సరే సార్. ఆ పేపర్‌తో పీహెచ్‌డీ వచ్చింది, దాంతో ఉద్యోగం, తర్వాత ప్రమోషన్, తర్వాత ఇంకో ప్రాజెక్టు. పేపర్లో ఒకసారి ఆకు పేరు పడితే ఏ కంపెనీ అయినా మన గుమ్మం తొక్కకుండా చదువుకుని పని మొదలుపెట్టొచ్చు. అప్పుడు మేం ఎవర్ని అడగాలి?

"ఆ మొక్క అన్ని అడవుల్లో ఉంది, మీదెట్లా అవుతుంది" అని ఇంకో మాట. మొక్క అందరిదీ. కానీ గుట్ట మీద ఉన్న వందల మొక్కల్లోంచి ఇదే అని వేలు పెట్టి చూపించింది మా నాయనమ్మ. ఆ వేలు లేకపోతే మీరు ఎన్నేళ్లు ఎన్ని ఆకులు మరిగించేవాళ్లు?

కేరళ అగస్త్య కొండల్లో కాణి ఆదివాసీల కథ ఇదే. 1987లో పరిశోధకులు వాళ్లతో కొండెక్కుతూ అలసిపోయారు, దారి చూపే కాణి మనుషులు మాత్రం ఒక కాయ నములుతూ హుషారుగా నడిచారు. ఆరోగ్యపచ్చ అనే ఆ మొక్క నుంచి తిరువనంతపురం దగ్గరి ఉష్ణమండల వృక్షశాస్త్ర సంస్థ జీవని అనే మందు చేసింది. 1995లో కోయంబత్తూరు కంపెనీకి లైసెన్స్ ఇచ్చి 10 లక్షలు, అమ్మకాల మీద 2 శాతం రాయల్టీ తీసుకుంది. అందులో సగం కాణీలకి ఇవ్వాలని ఒప్పుకుంది, 1997లో కాణీల ట్రస్టు ఏర్పడింది. ఆదివాసీ జ్ఞానానికి వాటా ఇచ్చిన మొదటి ఉదాహరణల్లో ఒకటిగా ప్రపంచమంతా చెప్పుకుంది. నేనూ గౌరవిస్తా, ఆ శాస్త్రవేత్తలు ఇవ్వకపోయినా అప్పుడు అడిగే చట్టం లేదు. కానీ వాటా ఎంతో, ఎట్లానో తేలేటప్పుడు కాణీలు బల్ల దగ్గర లేరు. తర్వాత అదే మొక్కని కోయడానికి అటవీ శాఖ వాళ్లకే అడ్డం పడింది.

మన దగ్గరిది ఇంకా చిన్న కథ. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా అమరచింత నుంచి ఒక హైదరాబాద్ కంపెనీ 2,000 కిలోల వేపాకు జపాన్‌కి పంపింది. జాతీయ జీవవైవిధ్య సంస్థకి వచ్చిన రాయల్టీ 55,035 రూపాయలు. అందులో ఊరి కమిటీకి వేప మొక్కలు నాటడానికి 20 వేలు. మీకు నవ్వు రావొచ్చు. నాకు మాత్రం ఇందులో ఒక దారి కనబడింది. చట్టం వాడితే, చిన్నదైనా, డబ్బు ఊరి దాకా వస్తుంది.

చట్టాలు చూద్దాం, తొందరగా. అటవీ హక్కుల చట్టం 2006, సెక్షన్ 3(1)(కె): జీవవైవిధ్యం మీద, దానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి హక్కు ఉంది. పట్టా కోసమే ఈ చట్టం అనుకుని మనం ఈ లైను చదవడం మానేశాం. పెసా చట్టం 1996: గ్రామసభ మన ఆచారాలని, వనరులని కాపాడుకోవచ్చు. జీవవైవిధ్య చట్టం 2002: మన వనరుతో వ్యాపారం చేస్తే వాటా ఇవ్వాలి. భారతీయ కంపెనీ అయినా ఇవ్వాల్సిందే అని 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు తేల్చింది. అయితే 2023లో ఆ చట్టాన్ని సవరించి, గ్రంథాల్లోకి ఎక్కిన సంప్రదాయ జ్ఞానానికి మినహాయింపు ఇచ్చారు. వేప, పసుపు, నేలవేము గ్రంథాల్లో ఉన్నాయి కాబట్టి వాటి దారి వేరే అంటారు. మిగిలింది నోటి మాటగా ఉన్నది. అంటే మన నాయనమ్మల నోట్లో ఉన్నది. చట్టం ప్రకారం అదే మన బలం. దాన్ని మన ఊరి పేరు లేకుండా ఎవరో పేపర్లో ఎక్కిస్తే ఆ బలం కూడా పోతుంది. మొక్క పేరు ఎందుకు రాయలేదో ఇప్పుడు తెలిసిందా?

ఊరూరా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. 2020 జనవరి లోపు పూర్తి చేయాలని హరిత ట్రిబ్యునల్ గడువు పెడితే, దేశమంతా హడావుడిగా నింపేశారు. మా పంచాయతీ రిజిస్టర్ అడిగి చూశా. మామిడి, వేప, తులసి, కోడి, మేక. అయిపోయింది. మా గుట్ట మీద ఇంకేం లేనట్టు.

అడగాల్సింది ఒక్కటే, అది గ్రామసభలో. మా ఊరి అడవి నుంచి మందు కోసమో పరీక్ష కోసమో ఆకు, వేరు, బెరడు పట్టుకెళ్లాలంటే ముందు గ్రామసభకి మా భాషలో చెప్పాలి. ఏం చేస్తారు, ఎవరు డబ్బులిస్తున్నారు, పేటెంట్ వేస్తారా, వస్తే వాటా ఎంత. పేపర్లో ఊరి పేరు, చూపించిన మనిషి ఒప్పుకుంటే ఆ మనిషి పేరు ఉండాలి. వద్దంటే మొక్క పేరు కూడా ఉండకూడదు. ఫలితం వచ్చాక మళ్లీ వచ్చి చదివి వినిపించాలి, పనిచేయలేదన్నా సరే. మన డ్రమ్ముల్లో, చెలమల్లో, వాగుల్లో ఏ కొత్త మందైనా వేయాలంటే, చేపలకి, పసిపిల్లలకి ఏమవుతుందో చూపించిన కాగితాలు ముందు పెట్టాలి, గ్రామసభ వద్దంటే వద్దు. 2013లో నియమగిరిలో 12 గ్రామసభలు వద్దన్నాయి, పెద్ద కంపెనీ బాక్సైట్ ఆగిపోయింది. ఒక ఆకు సంచి ఆగదా?

నానో మందు వచ్చేదాకా కూర్చుని ఉండమని కూడా కాదు. దోమతెర, డ్రమ్ముకి మూత, రోజూ వచ్చే కుళాయి, ఆస్పత్రిలో మలేరియా కిట్టుతో పాటు డెంగీ కిట్టు. వీటికి ఏ పరిశోధనా అక్కర్లేదు. పేపర్ల మొదటి పేరాలో మన జ్వరాల గురించి రాసే సార్లు ఈ నాలుగింటి కోసం మాతో పాటు ఒకసారి ఐటీడీఏ ముందు కూర్చుంటే సంతోషిస్తాం.

బాటనీ, కెమిస్ట్రీ చదువుతున్న మన పిల్లలకి ఒక మాట. డిగ్రీతో ఆపకండి. ఆ సిల్వర్ నైట్రేట్ సీసా పట్టుకునే చేయి మనదైతే నాయనమ్మ మాట ఎక్కడ రాయాలో మనకి తెలుస్తుంది. నేను ఎం.ఎస్సీ. ఎంట్రన్స్‌కి ఫీజు కట్టా, చూద్దాం.

ఆగస్టు 9న డోలు కొట్టుకుని ర్యాలీ తీసి, ఆగస్టు 15 గ్రామసభకి పోకుండా ఇంట్లో పడుకునేవాళ్లం చాలామందిమి ఉన్నాం, నేనూ మొన్నటిదాకా అంతే. ఈసారి పోండి. తీర్మానం నమూనా ఒక పేజీలో రాసి పెట్టా, తెలుగులో ఒకటి, కోయలో ఒకటి. గోండి, కువి తెలిసినవాళ్లు తర్జుమా చేసి పంపితే అందరికీ ఇస్తాం. కావాల్సినవాళ్లు మెసేజ్ పెట్టండి, మండలం పేరు కూడా రాయండి. నాయనమ్మకి చదివి వినిపించా. "ఆ రెండు సంచుల సంగతి కూడా రాయి" అంది. అందుకే ఇదంతా రాశా.